గ్రైండరు కోసం గోడమీద గీసిన రెండు గీతలు

రాండి, అంత దూరంగా యాల కూసుంటారు, ఇట్ల దగ్గరికి జరగండి. ఆ అనపకాయల గంప మధ్యలో పెట్టుకోండి. చేతులు కాయలు వలస్తాంటే చెవులు నా మాట వింటాంటాయి. ఈ పొద్దు చెప్పేది నా ఘనకార్యం. తుపాను రాలేదు, దొంగ రాలేదు. పట్టపగలు, నా వంటింట్లో, నా రెండు కండ్ల ముందర, ఇంకా కొననే కొనని గ్రైండరును పోగొట్టుకుంటి. కొనింది పోగొట్టుకునేవాళ్ళు ఊరంతా ఉండారు. కొననిది పోగొట్టుకునింది పుంగనూరు మొత్తానికి నేనొక్కదాన్నే.

అప్పుడు మా ఇంటి వసారాలో దోశెలంగడి పెట్టుకోనుంటి. పిండి రుబ్బే గ్రైండరు ముసల్దైపోయింది. స్విచ్చి వేస్తే ఘాటు ఎక్కే లోడు లారీ మాదిరి మూలిగేది. మధ్యలో నిలబడిపోతే పక్కన ఒక తాపు తన్నాల, అప్పుడు లేస్తాది. గంగజాతర చూస్తే దగ్గరపడతాండాది. జాతరంటే మా వీధిలో దోశెకోసం మనుషులు కొట్లాడుకునే కాలం. కొత్త గ్రైండరు లేకుంటే ఆ యాపారమంతా ఎదురింటి ఇడ్లీలంగడికి పోతాది. అందుకనే చీటీ కట్టి, పాడుకోని, దుడ్డు చేతికి తెచ్చుకుంటి. నేరుగా అంగడికి పోయి గ్రైండరు కొనుంటే ఈ కథే లేదు. మీరు ఉత్త అనపకాయలు వలిసి ఇంటికి పొయ్యేవాళ్ళు.

మా అన్న కొడుకు గిరి కుప్పంలో ఉంటాడు. దినామూ రైల్లో బెంగుళూరికి ఉద్యోగానికి పోతాడు. సీటు దొరికినా దొరక్కున్నా ఫోన్లో కాయిన్లు కొంటా అమ్ముతా ఉంటాడు. కాయినంటే కొంగున ముడేసుకునే బిళ్ళ కాదమ్మా. ఫోన్లోనే పుట్టి, ఫోన్లోనే పెరిగి, ఫోన్లోనే సచ్చేది. ధర పెరిగితే పచ్చగా, తగ్గితే ఎర్రగా కనపడతాది.

"ఒరే అల్లుడా, గ్రైండరు దుడ్డు దీంట్లో పెడితే, పెరిగినాక పెద్ద గ్రైండరే వస్తాది గదరా?" అంటి.

"రావచ్చు అత్తా. ఉండేది కూడా పోవచ్చు."

వాడు రెండు మాటలు చెప్పినాడు. నాకు మొదటిదే వినపడింది.

కాయిన్ కొనిపెట్టి, పాఠం కూడా చెప్పినాడు. "అత్తా, రెండు గీతలు పెట్టుకో. ధర పైగీత తాకితే అమ్మెయ్. కిందిగీత తాకినా అమ్మెయ్. మధ్యలో ఉన్నంతసేపూ ఫోను పక్కన పెట్టి దోశెలు పోసుకో. గీత మాత్రం మార్చొద్దు. మార్చినావో, మునిగినట్టే."

"ఇంతేనా?"

"ఇంతే. కావాలంటే గీత తాకంగానే దానంతట అదే అమ్ముడుపోయేట్టు ఫోన్లో పెట్టేస్తా."

"వద్దురా. నా చేత్తోనే అమ్ముతా. మంచి టైము సూసుకోవద్దా?"

ఈ మంచి టైము అనే మాటను గుర్తు పెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

పొయ్యి పక్క గోడమీద బొగ్గుతో రెండు గీతలు గీస్తి. పైది పెద్ద గ్రైండరుకి సరిపొయ్యే ధర, పప్పుడబ్బాల గూడంత ఎత్తులో. కిందిది చిన్న గ్రైండరు ధర, పొయ్యిబండ ఎత్తులో. గీసి, మా ఆయప్పని, అదే మా ఇంటాయన్ని, పిలిచి సూపిస్తి. మా ఆయప్ప టమోటాలు పండించి మదనపల్లి మండీకి తోలతాడు. వేలంలో మనసులో అనుకున్న ధర వస్తానే "సరే, ఎత్తుకోండప్పా" అనేసి, టీ తాగి బస్సెక్కి వచ్చేస్తాడు. నేను వాకిట్లోనే పట్టుకునేదాన్ని. "ఇంకొంచేపు నిలబడుంటే ఇంకా పెరిగుండదా? నీకి ఓపికనేదే లేదు!"

"టమోటా నా మొగం సూస్తా కూసోదే" అనేవాడు.

"యాపారం ఎట్ల చెయ్యాల్నో ఇంక నన్ను సూసి నేర్చుకో" అంటి గోడ సూపించి. ఆయప్ప ఆ మాట ఇంతవరకూ మరవలేదు.

శుక్రవారం సందేళ. దీపం పెట్టి లేస్తాంటే పక్కింటి నాగమ్మ గిన్నె పట్టుకోని వచ్చింది. "అక్కా, పాలకి రోంత తోడు ఇయ్యి."

"దీపం పెట్టేసినా గదమ్మా! శుక్రవారం దీపం పెట్టినాక ఇంట్లోది బయటికిస్తే లక్ష్మి ఎల్లిపోతాది" అని వట్టి గిన్నెతో పంపిస్తి. ఆమె గడప దాటిందో లేదో ఫోను మోగింది. రైల్లోనుంచి గిరి అరస్తాండాడు.

"అత్తా! పైగీత తాకింది! అమ్ము!"

"ఈ పొద్దు శుక్రవారం రా."

"అయితే?"

"దీపం పెట్టేసినా. పెరిగిన లక్ష్మిని సందేళప్పుడు ఎవరైనా ఇంట్లోనుంచి తోలేస్తారా? ఇప్పుడే నాగమ్మకి తోడు కూడా ఇయ్యలేదు."

"అత్తా, నీకి దండం పెడతా! బయటికి పొయ్యేది కాయిను, లోపలికి వచ్చేదే లక్ష్మి!"

"రేప్పొద్దన్న సూస్తాం, ఫోను పెట్టు."

"రేపా? అత్తా, ఇది..." అనంగానే సిగ్నలు పోయింది. నా అదృష్టం కూడా ఆ రైలెక్కే పోయింది.

తెల్లారి సూస్తే ధర ఇంకా ఎక్కిండాది. నాకు కొమ్ములు మొలిచె. తడిగుడ్డతో పైగీత తుడిచి జానెడు పైన ఇంకొకటి గీస్తి. నా గోడ, నా బొగ్గు, అడిగేదెవరు? ఆ జానెడు ఎక్కను లేదు, ఆదివారం నుంచి ధర దిగబట్టె. సోమవారం అమ్ముదామంటే రాహుకాలం. అది పొయ్యేదాకా దోశెలు పోస్తా కూసుంటి. కాయినుకి రాహువంటే భయం లేదు, అది దిగతానే ఉండె. మళ్ళా ఎక్కినాక అమ్ముదాంలే అని ఆ పొద్దు ఊరకుంటి. మంగళవారం కిందిగీత తాకె.

"అత్తా, ఇప్పుడమ్మితే చిన్న గ్రైండరన్నా వస్తాది!"

"మంగళవారం రా."

"అత్తా, వారానికి ఉండేది ఏడు దినాలే!"

నేను ఫోను పెట్టేసి కిందిగీత తుడిచి, ఇంకొంచెం కింద గీస్తి. దాన్నీ తాకె. మళ్ళా తుడుస్తి. గీత పొయ్యిబండ కిందికొచ్చె, సిలిండరు వెనక్కి దూరె. కడాకి నేలమీద బోర్లా పండుకోని బొగ్గు పట్టుకోనుండగా మా ఆయప్ప వచ్చినాడు.

"ఏమే, ఎలుక దూరిందా?"

"ఎలుక కాదు. కాయిను."

గోడని పైనుంచి కిందిదాకా సూసినాడు. వంటిల్లంతా మసి, నా మొగం నిండా మసి. "ఇంక గోడ లేదు గదే. బండ పగలగొట్టి పునాదిలో గీస్తావా?"

నాకి ఏడుపొచ్చేసె. ఆయప్ప నా పక్కనే నేలమీద కూసున్నాడు. "తెలివెక్కువై పొద్దన్నే అమ్మతాననుకుంటివా నేను? టమోటా సందేళకి మెత్తబడతాది, తెల్లారితే కంపు కొడతాది. ఆ కంపుకి భయపడి అమ్మతా. నీ కాయిను కుళ్ళి వాసనొచ్చుంటే నువ్వూ శుక్రవారమే అమ్మేసుంటావు."

అప్పుడే గిరికి ఫోన్ చేసి, వారమూ వర్జ్యమూ అడక్కుండా అమ్మేస్తి. మిగిలిన దుడ్డుకి వచ్చింది గ్రైండరు కాదు, చట్నీ మిక్సీ.

కథ ఈడ అయిపోయుంటే బాగుండు. జాతరకి ముందర శుక్రవారం సందేళ పాత గ్రైండరు నిలబడిపోయింది. ఎన్ని తాపులు తన్నినా లేయలేదు. బకెట్లలో నానిన బియ్యం నన్నే సూస్తాండాయి. నాగమ్మ ఇంట్లో రుబ్బురోలు ఉండాదని పరిగెత్తితి.

"నాగమ్మా, తల్లీ, జాతర అయ్యేదాకా రుబ్బురోలు ఇయ్యమ్మా. మా ఆయప్ప మోసుకోని పోతాడు."

నాగమ్మ నన్ను సూసింది. వెనక్కి తిరిగి దేవుని గూట్లో దీపాన్ని సూసింది.

"ఇద్దును గానీ అక్కా, దీపం పెట్టేసినా గదా!"

ఆ జాతరంతా చట్నీ మిక్సీలో పిడికెడు పిడికెడు బియ్యం వేసి రుబ్బితి. ఒక దోశె అయ్యేలోపల ఎదురింట్లో వాయి ఇడ్లీలు ఖర్చైపొయ్యేవి. ఆకలితో నిలబడిన వాళ్ళకి మా ఆయప్ప మిక్సీ సూపించి, "ఇది మా ఇంటామె యాపారం చేసి సంపాదించిందప్పా" అని చెప్తాండె.

అందుకని, ఆ పొయ్యి సాక్షిగా, సున్నం కొట్టించిన ఆ గోడ సాక్షిగా చెప్తాండా. ఇంక నా జన్మలో గీసిన గీత చెరపను. అమ్మాల్సిన గడియ వచ్చిందంటే, శుక్రవారమైనా సరే, రాహువును పక్కన పీటేసి కూసోబెట్టుకోనైనా అమ్మేస్తా.

మీ ఇండ్లల్లో దీపం ఆరకుండా వెలగాల. నానేసిన బియ్యం నానేసినట్టే పిండి కావాల. అనుకున్న మాటమీద మీ మనసు నిలబడాల. పిల్లాజెల్లాతో సల్లగా ఉండండి. లేసేటప్పుడు తలా దోసెడు అనపగింజలు ఎత్తుకోని పొండి. ఈ పొద్దు శుక్రవారమే, దీపం కూడా పెట్టేసినా. అయినా ఎత్తుకోని పొండి.