ఆర్డిస్ క్వామ్ ఏడు వారాల వేట

ముప్పై నాలుగేళ్ల పాటు ఆర్డిస్ క్వామ్ మిన్నెసోటా పడమటి అంచున పసుపుపచ్చ బడి బస్సు నడిపింది. ఆ ఉద్యోగంలో ఆమెకు నచ్చనిది ఒక్కటే. బడులు తెరిచేదీ, పక్షుల వేట మొదలయ్యేదీ ఒకే కాలంలో. గాలి చల్లబడి, గడ్డి ఎర్రబారి, కుక్క ముక్కు పైకెత్తి వాకిట్లో తిరుగుతున్న రోజుల్లో ఆమె ఎవరి పిల్లాడి చేతితొడుగో సీటు కింద వెతుకుతూ ఉండేది. శని, ఆదివారాలు మాత్రమే ఆమెవి. ఆ రెండు రోజుల్లోనూ ఒకటి వానకు పోయేది.

పెళ్లి చేసుకోలేదు. చేసుకోవాలనీ అనుకోలేదు. తండ్రి నేర్పిన వేట, ఆయన ఇచ్చిన జంటగొట్టాల తుపాకి, ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు కుక్కలు, ఇదీ ఆమె సంసారం. నాలుగోది టాన్సీ. తెల్లటి ఒంటి మీద నారింజ చుక్కలున్న సెట్టర్ జాతి ఆడ వేటకుక్క. ఏడేళ్లది. పక్షి వాసన తగిలితే చాలు, తోక నిటారుగా నిలిపి, అడుగు కదపకుండా బొమ్మలా బిగుసుకుపోయేది.

ఆ ఏడు మే నెలలో ఆర్డిస్ ఉద్యోగం మానేసింది. కానీ ప్రయాణం పని ఫిబ్రవరిలోనే మొదలైంది. బయట మంచు కిటికీ అంచు దాకా పేరుకుని ఉండగా, వంటింటి బల్ల మీద పటాలు పరిచి, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పెన్సిలుతో గీతలు గీసింది. ముందు ఇంటికి ఉత్తరాన ఉన్న అడవులు. తర్వాత మోంటానాలో గ్రౌజు అనే అడవికోళ్లు, కౌజు పిట్టలు. అక్కణ్నుంచి నార్త్ డకోటా. చివర అక్టోబరులో సౌత్ డకోటా జొన్నచేల పక్కన పొడుగు తోకల ఫెజెంట్ పక్షులు. మొత్తం ఏడు వారాలు.

ఆదివారం చర్చి అయ్యాక, నేలమాళిగలో అందరూ కాఫీ తాగుతుండగా ఈ మాట చెప్పింది. తమ్ముడు లోరెన్ చేతిలోని కేకు ముక్క నోటి దాకా వెళ్లకుండా ఆగిపోయింది.

"ఒక్కదానివేనా? ఏడు వారాలా?"

"ఒక్కదాన్నెందుకు? టాన్సీ ఉందిగా."

"దారిలో టైరు పేలితే అది విప్పుతుందా అక్కా?"

"నువ్వొస్తే మాత్రం విప్పుతావేంటి? కిందటిసారి జాకీ తలకిందులుగా పెట్టింది ఎవరు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లోరెన్ కూడా నవ్వాడుగానీ, ఇంటికెళ్తూ దారి పొడుగునా తల ఆడిస్తూనే ఉన్నాడని అతని భార్య తర్వాత చెప్పింది.

బస్సు నడిపిన మనిషి కదా, ఆర్డిస్‌కి ప్రయాణమంటే ఎక్కడ ఆగాలో తెలియడమే. ఎండ ముదరకముందే ఏ నీళ్ల దగ్గరికి చేరాలి, కుక్కకు ఎన్నో రోజున విశ్రాంతి ఇవ్వాలి, ముళ్లపంది ముళ్లు గుచ్చుకుంటే లాగడానికి పట్టకారు ఏ సంచిలో ఉండాలి, కుక్కల డాక్టరు ఏ ఊళ్లో దొరుకుతాడు, అన్నీ ఆగే చోట్ల పక్కనే రాసుకుంది. వేటకు భూమి యజమాని ఒప్పుకోవాలి. అందుకని పదకొండు మందికి తన చేతిరాతతో ఉత్తరాలు రాసింది. నలుగురు జవాబిచ్చారు. మోంటానా నుంచి నోలా బ్రెకెన్ అనే పశువుల కామందు మాత్రం ఉత్తరం రాయకుండా ఫోన్ చేసింది.

"నువ్వేనా ఆర్డిస్? తొందరగా చెప్పు, దూడలకి మేత వెయ్యాలి. ఎంతమంది వస్తారు?"

"నేనూ, నా కుక్కా."

"మగాళ్లెవరూ లేరా?"

"లేరు."

"అయితే రా. కిందటేడు వచ్చిన మగాళ్లు నా గేట్లన్నీ బార్లా తీసి పోయారు. ఆవుల్ని వెతకడానికి రెండు రోజులు పట్టింది."

జూన్‌లో టాన్సీకి పరుగు మొదలుపెట్టించింది ఆర్డిస్. జులై రెండో వారంలో ఒక తెల్లవారుజామున, కోసిన గడ్డిచేలో విజిల్ ఊదితే టాన్సీ తిరిగి చూడలేదు. మళ్లీ ఊదింది. లేదు. పొగరెక్కిందనుకుని ఇంటికి తీసుకొచ్చి రోజంతా మాట్లాడలేదు. సాయంత్రం వంటింట్లో ఆమె చేతిలోంచి బాణలి మూత జారి నేల మీద ఖణేలున మోగింది. రెండడుగుల దూరంలో నిద్రపోతున్న కుక్క కన్ను కూడా తెరవలేదు.

ఆర్డిస్ మూత తీయలేదు. కుక్క చెవుల వైపే చూసింది.

మర్నాడు పశువుల డాక్టరు హెగ్ చాలాసేపు పరీక్ష చేశాడు. "ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది కూడా పోతోంది. తుపాకి మోత కావచ్చు, పుట్టుకతో వచ్చింది కావచ్చు. మందు లేదు ఆర్డిస్."

"గుండె?"

"రాయిలా గట్టిగా ఉంది."

"కాళ్లు, కళ్లు?"

"నీకన్నా బాగున్నాయి."

"ముక్కు?"

డాక్టరు నవ్వాడు. "గంటనుంచీ నా జేబులో ఉన్న బిస్కెట్టు కోసమే కదా చూస్తోంది!"

లోరెన్ కబురు విని ఆ సాయంత్రమే వచ్చాడు. మెట్ల మీద కూర్చుని మెల్లగా మొదలుపెట్టాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం లాభం చెప్పు. మోంటానాలో గుట్ట దాటిపోతే ఎలా పిలుస్తావు? రోడ్డు మీదికొస్తే? పాము దగ్గరికెళ్తే? ఈ ఏడాదికి మానుకో. ఒక కుక్కపిల్లను తెచ్చుకుని పెంచు. వచ్చే ఏడు వెళ్దువుగానీ."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. అదే ఆమెను బాధపెట్టింది. పిల్లను తెచ్చుకోవచ్చు. కానీ ఏడేళ్లుగా శని, ఆదివారాలతో సరిపెట్టుకున్న కుక్కను, సెలవు దొరికిన మొదటి ఏడే ఇంట్లో వదిలి వెళ్లడమా? ఆ ఆలోచన చేయడానికే సిగ్గేసింది.

పొద్దున లేచి పెరట్లోకి నడిచింది. టాన్సీ కంచె దగ్గర్నుంచి ఆమెనే చూస్తూ పరిగెత్తుకొస్తోంది. ఆర్డిస్ అలవాటుగా అరచెయ్యి ఎత్తి చూపింది. కుక్క ఆగింది. ఆ చెయ్యి ఆమెకు కొత్త కాదు. ముప్పై నాలుగేళ్లు బస్సు అద్దంలోంచి ఇదే చెయ్యి ఎత్తి పిల్లల్ని రోడ్డు పక్కన నిలబెట్టింది, ఊపి దాటించింది. ఇంజను రొదలో ఆమె గొంతు ఒక్కరికీ వినపడేది కాదు. అయినా ఒక్క పిల్లకూ గీత పడలేదు.

లోపలికెళ్లి పటాల ముందు కూర్చుంది. ఉత్తరాన ఉన్న అడవులన్నిటినీ కొట్టేసింది. చెట్ల మధ్య కుక్కకు మనిషి కనపడడు. ఆ రెండు వారాలనూ మోంటానా బయళ్లకు కలిపింది. మైలు దూరంలో ఉన్న కంచె గుంజ కూడా కనపడే నేల అది. చేతిలోని మీట నొక్కితే, మోత లేకుండా కుక్క మెడ దగ్గర అదిరే పట్టీ ఒకటి తెప్పించింది. పట్టీ అదిరితే నా వైపు చూడు, చూస్తే చెయ్యి చెబుతుంది. పాఠం అంతే.

చెప్పినంత తేలిక కాలేదు. మొదటి వారం పట్టీ అదిరినప్పుడల్లా టాన్సీ కందిరీగ కుట్టినట్టు గుండ్రంగా తిరిగేది. రెండో వారం ఆగి, ఆకాశం వైపు చూసేది. జేబు నిండా ఉడికించిన కాలేయం ముక్కలు వేసుకుని పొద్దున గంట, సాయంత్రం గంట చేలో నిలబడేది ఆర్డిస్. ఆగస్టు మొదట్లో ఒకరోజు పట్టీ అదిరీ అదరగానే కుక్క తల గిర్రున తిరిగింది. ఆర్డిస్ ఎడమ చెయ్యి చాచింది. కుక్క ఎడమకు పరిగెత్తింది. ఆమె అక్కడే, మోకాళ్ల మీద కూలబడి, పగలబడి నవ్వింది.

వారం పోయాక లోరెన్ చూడటానికొచ్చాడు. గడ్డిచేను అవతలి అంచున ఉన్న కుక్కను ఆపింది, కుడికి పంపింది, ఎడమకు పంపింది, వెనక్కి రప్పించింది. ఒక్క మాట లేదు, ఈల లేదు.

లోరెన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నా పెళ్లాం కూడా నా మాట ఇంతగా వినదు," అన్నాడు.

"నువ్వు మాట్లాడతావు కదా, అందుకే."

వెళ్లేముందు అతను తన ట్రక్కులోంచి ఒక కొత్త టైరు దించి ఆమె బండిలోకి ఎక్కించాడు. "రెండోది కూడా ఉండాలి. అక్కడి రోడ్లు మంచివి కావు." జాకీ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఆగస్టు ఇరవై తొమ్మిదిన బయల్దేరారు. మూడో రోజు మధ్యాహ్నానికి నోలా ఇంటి ముందు దిగారు. మర్నాడు వేట మొదటి రోజు. పొద్దున్నే నోలా కూడా వెంట నడిచింది. మనిషి పొట్టి, నడక గుర్రం.

గాలి ఎదురుగా ఉంది. టాన్సీ పొదల మధ్య అటూ ఇటూ దూసుకెళ్తూ ఒక గుట్ట దాటి కనుమరుగైంది. ఆర్డిస్ పట్టీ మీట నొక్కింది. కుక్క రాలేదు. మళ్లీ నొక్కింది. రాలేదు.

"పోయిందా?" అంది నోలా.

ఆర్డిస్ మీట మీంచి వేలు తీయకుండానే ఆలోచించింది. నలభై రోజులు తను నేర్పిన పాఠాన్ని టాన్సీ తోసిరాజని నిలబడిందంటే, దానికి కారణం ఒక్కటే. "పోలేదు. మాట వినకూడని పనిలో ఉంది," అని గుట్టెక్కింది.

అవతల పల్లంలో టాన్సీ బొమ్మలా నిలబడి ఉంది. మెడ అదురుతున్నా తల తిప్పలేదు. ఆర్డిస్ పక్కనుంచి చుట్టి ముందుకు నడిచింది. గడ్డిలోంచి తొమ్మిది గ్రౌజులు గోలగోలగా లేచాయి. ఆమె రెండుసార్లు కాల్చింది. మొదటిది తప్పింది. రెండో గుండుకు ఒక కోడి పడింది. టాన్సీ దాన్ని మెత్తగా నోట కరుచుకుని తెచ్చి అరచేతిలో పెట్టింది.

నోలా టోపీ వెనక్కి నెట్టి చూసింది. "నిజంగా దీనికి చెవులు వినపడవా?"

"ఒక్క ముక్క కూడా."

"మా ఇంట్లో ఉండేవాళ్లకన్నీ వినపడతాయి. ఏం ప్రయోజనం!"

సెప్టెంబరంతా బాగా సాగింది. నార్త్ డకోటాలో ముళ్లకంచె తగిలి టాన్సీ పొట్ట చీరుకుంటే ఆర్డిస్ తానే శుభ్రం చేసి కట్టుకట్టి, పటం మీద రాసుకున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి నాలుగు కుట్లు వేయించింది. పది రోజులు కుక్కతో పాటు ఆమె కూడా విశ్రాంతి తీసుకుంది. అక్టోబరులో సౌత్ డకోటా చేరితే అక్కడ లెక్క తప్పింది. జొన్నచేలు, రెల్లు మనిషి ఎత్తున ఉన్నాయి. కుక్కకు ఆమె కనపడదు, ఆమెకు కుక్క కనపడదు. మొదటి రోజే రెండుసార్లు భయపడింది. అంతమంది వేటగాళ్లు మెచ్చుకునే చోటే అయినా, ఇది తమ నేల కాదని ఆమెకు తెలిసిపోయింది.

రెండో రోజు పొద్దున బండి ముందు సీట్లో పటం పరిచి, మిగిలిన పది రోజుల మీదా అడ్డంగా గీత గీసి, నోలాకి ఫోన్ చేసింది.

"మళ్లీ రావచ్చా?"

"గేటు మూసి రా," అంది నోలా. "పంది మాంసం పొయ్యి మీద పెడుతున్నా."