ఖల్ అంటే కల్లే

“తాగినావు! నీ నోటితో నువ్వే సెప్పినావు గదమ్మే, ఇప్పుడు ల్యాదంటే యట్లా?”

“నవ్వుకోడానికి చెప్పాను. దాన్ని మూటగట్టి దాచి ఇయ్యాల నా నెత్తినే కొడతావా?”

“నేనేం కొట్టినా? మామాకు తెలిస్తే ఏమైతాదో సెప్తాండా, అంతే. వాళ్ల ముసలామె కూట్లో సారాయి కలిపి పెట్టినావు.”

“సారాయి కాదే దరిద్రమా! ద్రాచ్చ రసం.”

“రసమంట! ఆ రసం తాగి మజ్జాన్నం పూట పాటలు పాడినావంట గదా. ఈ తూరి లెబనాన్‌కు నేను పోతా. నువ్వు గమ్మునుంటే నేనూ గమ్మునుంటా.”

నేను బయట కుళాయి దగ్గర బండి కడుగుతున్నాను. కువైట్‌లోని రుమైథియాలో, మాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంటికి వంటగది వెనకాల విడిగా ఉంటుంది. కిటికీ జాలీలోంచి ఉల్లిపాయల వాసనా, మాటలూ కలిసే వస్తాయి. నీళ్లు కట్టేశాను, సరిగ్గా వినపడాలని.

బెదిరిస్తున్నది చిన్నక్క. ఒంటిమిట్ట దగ్గరి మనిషి, ఇల్లు తుడిచి బట్టలు ఉతికే పని. బెదిరింపు పడుతున్నది బేబక్క. రాజోలు వైపు, వంట మనిషి. నేను ఆ ఇంటి డ్రైవర్ని. బీటెక్ రెండో ఏడాదిలో వదిలేసి, ఊళ్లో ఉండలేక ఇక్కడికొచ్చి పడ్డాను. ఇక్కడా ఉండబుద్ధి కాదు, అది వేరే సంగతి. యాభైకి దగ్గర పడ్డ మనిషిని బేబీ అని పిలవడం మొదట్లో నాకు నవ్వులాటగా ఉండేది. మా కోనసీమలో వీధికొక బేబి ఉంటుంది, వాళ్లెవరూ ఎదగరని నాకెందుకు తోచిందో!

ఆ ఇంటివాళ్లు ఎండలు ముదిరితే నెల్లాళ్లు లెబనాన్‌కు పోతారు. బత్రూన్ అనే ఊరి పక్కన, మధ్యధరా సముద్రం ఒడ్డున, ఒక పాత రాతి ఇల్లు అద్దెకు తీసుకుంటారు. కోటలు, పాత చర్చీలు, రాళ్ల సందుల్లో బజార్లు, అలల పక్కనే చేపల హోటళ్లు. మామా అంటే మా యజమానురాలు, ఆవిడ కూతుళ్లకు ఇవంటే పిచ్చి. వెంట పనిమనిషి ఒక్కరే. వంట చేస్తూ పెద్దమామాను, అంటే మామా అత్తగారిని, కనిపెట్టుకుని ఉండాలి. పోయిన రెండు వేసవులూ బేబక్కే వెళ్లింది. ఈసారి ఎవరన్నది ఇంకా తేలలేదు.

మర్నాడు జమియా దుకాణం నుంచి సరుకులు తేవడానికి బేబక్కను బండెక్కించుకున్నాను. తిన్నగా అడిగేశాను.

“తాగావా అక్కా?”

“తాగేను” అంది, సీటు బెల్టుతో కుస్తీ పడుతూ. “నువ్వూ మామాకు చెప్తావా?”

“నాకేం పని?”

“అయితే అడక్కు.” రెండు సిగ్నళ్లు దాటాక తనే మొదలుపెట్టింది.

బేబక్క నాన్న తాటి కల్లు గీసేవాడు. అమ్మ పాకలో అమ్మేది. పొద్దున్న దించిన లొట్టి కల్లు తియ్యన, సాయంత్రానికి పుల్లన, మర్నాటికి పారబోత. ఆమెకు చిన్నప్పుడు వచ్చిన చదువు ఇదొక్కటే. మొగుడూ గీతగాడే. తొంభై ఆరు తుపానులో చెట్లు విరిగిపోతే పని వెతుక్కుంటూ కాకినాడ వెళ్లి అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. పిల్లల్లేరు. వెనక్కి పిలిచేవాళ్లు లేని మనిషికి ఏజెంటు ఎక్కడికి పంపినా ఒకటే. అలా కువైట్ వచ్చింది.

అరబీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఒక్కో మాటనూ తెలుగు కొక్కేనికి తగిలించుకుంది. మిలహ్ అంటే ఉప్పు, మిలమిలా మెరుస్తుంది గనక. ఖల్ అంటే వెనిగర్. మామా మొదటిసారి ఖల్ అన్నప్పుడు సీసా మూత తీసి వాసన చూసింది. పుల్లటి ఘాటు.

“ఓస్, కల్లే కదా అనుకున్నాను. పాపం వీళ్లకు ఎక్కడి నుంచో రావాలి, దారిలో పాడైపోయింది, ఆ పాడైందే గొప్పనుకుని పోసుకుంటున్నారు అనుకున్నాను.”

“ఇన్నేళ్లూ అలాగే అనుకున్నావా?”

“ఎవరు చెప్పేరు కాదని? సీసా అలమారులో ఉండేది, తీసి పోసేదాన్ని.”

లెబనాన్ వెళ్లిన మొదటి వారం మామా ద్రాక్షాకుల పొట్లాలు చెయ్యమంది. ఆకులో బియ్యం చుట్టి, గిన్నెలో పేర్చి, పులుపు పోసి ఉడికించేవి. ఖల్ కావాలి. ఆ అద్దె ఇంటి సొంతదారు ఉమ్ ఇల్యాస్ అనే క్రైస్తవ విధవరాలు, కింది గదుల్లో ఒక్కర్తే ఉంటుంది. బేబక్క వెళ్లి “ఖల్” అంటే ఆవిడ కొట్టుగది చూపించి తోటలోకి పోయింది. లోపల రెండు పెద్ద గాజు జాడీలు. బేబక్క రెంటి మూతలూ తీసి చూసింది. కుడివైపుది ముక్కు బద్దలయ్యేంత పులుపు.

“అది పాడైపోయిందని మూతెట్టేశాను. ఎడంపక్కది చూద్దును కదా, ఏం వాసన! మా నాన్న పొద్దున్న దించిన లొట్టి గుర్తొచ్చింది. ఇక్కడ చెట్టు దగ్గరే ఉంది కాబట్టి తాజాది దొరికింది, ముసలమ్మకి మంచిదే పెడదాం అనుకున్నాను.”

నేను బండి పక్కకు ఆపాను. నవ్వాపుకోలేక.

మంచిదే పెట్టింది. మగ్గుతో రెండుసార్లు పోసింది. పెద్దమామా మారు వడ్డించుకుని తిని, సాయంత్రం దాకా ప్రశాంతంగా నిద్రపోయింది. ఖాళీ మగ్గు చూసి సంగతి పట్టింది ఉమ్ ఇల్యాసే. గిన్నె వాసన చూసింది, బేబక్క మొహం చూసింది, గోడకు ఆనుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత నోటి మీద వేలు పెట్టి, కుడి జాడీలోంచి కాస్త తెచ్చి మిగిలిన పొట్లాల మీద తనే చల్లింది, వాసన తెలియకుండా. ఎడం జాడీది ద్రాక్ష సారా, ముస్లిం ఇంట్లో అది హరామ్. బయటపడితే ఆ రోజే బేబక్క సామాను రోడ్డు మీద ఉండేది.

అక్కడి నుంచి ప్రతి మధ్యాహ్నం అంతే. ఇంటివాళ్లు కోటలు చూడటానికి పోయేవాళ్లు. పెద్దమామా పడుకునేది. వీళ్లిద్దరూ కొట్టుగది గుమ్మంలో కూర్చునేవాళ్లు. జున్ను ముక్క, ఆలివ్ కాయలు, చెరో చిన్న గ్లాసు. ఆవిడ పేరు బేబక్క నోట్లో ఇలియాసమ్మ అయింది. ఉమ్ అంటే అమ్మ, ఇలియాస్ ఆవిడ కొడుకని తెలుసు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో, అడిగేంత అరబీ లేదు. ఒకసారి మాత్రం ఇలియాసమ్మ చెయ్యి పట్టుకుని సముద్రంలోని రాతిగోడ దగ్గరికి తీసుకెళ్లింది. ఏ కాలంవాళ్లో అలల్ని ఆపడానికి తొలిచిన గోడట. రెండు వేసవులు తిరిగి బేబక్క చూసిన చారిత్రక విశేషాలు ఆ గోడా, ఆ కొట్టుగదీ.

“పాటలేంటి మరి?”

“ఆవిడ పాడితే నేనూ పాడేను. నాకేమొచ్చు, నాట్లప్పుడు పాడే పాట పాడేను. ఎందుకు ఏడ్చిందో ఏడ్చింది.” కిటికీ వైపు తిరిగింది. “కువైటొచ్చాక నన్ను పక్కన కూర్చోమన్న మనిషి ఆవిడొక్కర్తే బాబూ. ఈ వేసవికెప్పుడు వెళ్తానా అని ఏడాదంతా చూసేను.”

ఇద్దరే ఉన్న ఒకరోజు ఇదంతా చిన్నక్కకు చెప్పి నవ్వించిందట. అదే కొంప ముంచింది.

ఆ సాయంత్రం చిన్నక్క బట్టలు ఆరేస్తుంటే వెళ్లి అనేశాను. “నువ్వు చేస్తున్నది బ్లాక్‌మెయిల్.”

“అదేందో నాకు తెలీదు. ఏడేండ్లాయె నేనొచ్చి. ఈ గేటు దాటి ఆస్పత్రికి తప్ప యాడికీ పోలా. ఈడ సముద్రం కారులో పోతే సిటికెలో వస్తాదంట గదా? నన్నెవురన్నా పిల్చకపోయినారా? నువ్వు పిల్చకపోయినావా డ్రైవరూ?”

ప్రతి శుక్రవారం నేను ఆ ఒడ్డునే ఒంటరిగా టీ తాగి వస్తాను.

బేబక్కకు మాత్రం సలహా ఇచ్చాను. నువ్వే ముందు మామాకు చెప్పెయ్, తెలియక చేశానను, తిట్టి ఊరుకుంటుంది అన్నాను. నిజానికి ఊరుకోదని నాకూ తెలుసు.

“నా పని పోతే పోయింది” అంది బేబక్క. “ఇలియాసమ్మ తెలిసీ దాచిపెట్టింది కదా. ఆ ఇల్లే మానేస్తారు వీళ్లు. ఊరంతా చెప్తారు కూడానూ. అప్పుడు ఆవిడ గడపెవరు తొక్కుతారు?”

రెండ్రోజులకు మామా వంటగదిలోకి వచ్చింది. టికెట్లు తీస్తున్నాం, బేబీయే కదా అంది. నేను నీళ్ల డబ్బాలు దించుతున్నాను. చిన్నక్క సింకు దగ్గర ఉంది. ప్లేట్ల చప్పుడు ఆగింది.

బేబక్క వంగి మోకాలు పట్టుకుంది. “మామా, కాలు మడత పడట్లేదు. ఆ ఇంటికి మెట్లెక్కువ” అని తన ముక్కల అరబీలో చెప్పింది. మామా నిట్టూర్చి, “ఖలాస్, చిన్నా వస్తుంది” అనేసి ఫోను మాట్లాడుకుంటూ వెళ్లిపోయింది. అంతే. పెద్ద గొడవేమీ కాలేదు. బేబక్క కాసేపు అలాగే మోకాలు పట్టుకుని నిలబడింది, నిజంగా నొప్పున్నట్టు.

తర్వాతి రోజుల్లో చిన్నక్కకు ఆకులు చుట్టడం తనే నేర్పింది.

“కుడి జాడీ ఖల్. ఎడం జాడీ ముట్టుకోకు.”

“నువ్వు ముట్టిందేనా?”

“ఆయ్, అదే. నోరు మూసుకుని చుట్టు.”

ప్రయాణం రోజు పొద్దున సామాను బండిలో పెడుతుంటే చిన్నక్క కొత్త చెప్పులతో వచ్చింది. బేబక్క పక్కన నిలబడి, నేల చూస్తూ గొణిగింది. “అక్కా, నేను మామాకు సెప్పేదాన్ని కాదులే. ఊరికే అన్నా.”

“తెలుసు లేవే. ఎక్కు, అక్కడ రాత్రిళ్లు సముద్రపు గాలి, ముసలమ్మకి శాలువా మర్చిపోకు.”

ఎయిర్‌పోర్టులో వాళ్లను దించి తిరిగొచ్చేసరికి ఇంట్లో ఏసీలన్నీ కట్టేసి ఉన్నాయి. పరదాలు దించేసి, సోఫాల మీద దుప్పట్లు కప్పేసింది బేబక్క. వంటగదిలో ఒక్కర్తే కూర్చుని కందిపప్పు ఏరుతోంది. తినేవాళ్లు నెల్లాళ్ల దాకా రారు. నన్ను చూసి పళ్లెం పక్కన పెట్టి తన ఫోను చేతికిచ్చింది.

“ఇందులో ఇలియాసమ్మ నంబరుంది. పోయినేడు ఆవిడే నొక్కి పెట్టింది. నేనెప్పుడూ చెయ్యలేదు. ఫోనులో చేతులు కనపడవు కదా, మేం మాట్లాడుకునేదంతా చేతుల్తోనే. నువ్వు చెయ్యి. సాయంత్రానికి గానీ వీళ్లు ఆ ఇంటికి చేరరు, ఈలోపే చెయ్యి. కారులోంచి దిగినోళ్లలో నేను లేకపోతే చచ్చిపోయాననుకుంటాది. పనిమనిషి మారితే ఎందుకు మారిందో ఎవరూ చెప్పరు బాబూ, ఆవిడా అడగదు. మోకాలని మాత్రం చెప్పకు, నూని సీసా పంపుద్ది. వచ్చేది నా చెల్లెలని చెప్పు, మధ్యాహ్నం పూట దానికీ గుమ్మంలో చోటు ఇమ్మను. ముందు మాత్రం ‘బేబీ మౌజూద్’ అను, బేబీ ఉందని గట్టిగా అను, ఆవిడకి ఎడం చెవి వినపడదు.”