మైకులో మెచ్చుకున్న బర్రె

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మరీ మంచిదైపోయి, మా ఊరి పాలకేంద్రం మూతపడేదాకా తెచ్చిన కథ ఇది. ఇందులో ఒక బర్రె, ఒక మైకు, ఒక తెలివితక్కువవాడు ఉన్నారు. బర్రెకూ మైకుకూ ఏ పాపమూ తెలియదు. మూడోవాణ్ణి నేను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. కొత్తకోట నుంచి లోపలికి ఆరు కిలోమీటర్లు పోతే వచ్చే మా ఊళ్ళో పాలకేంద్రం నడిపేవాణ్ణి. నడపడమంటే పెద్ద కొలువేమీ కాదు. పొద్దున్నే పద్నాలుగు మంది ఆడవాళ్ళు పాలు తెస్తారు, నేను కొలిచి క్యాన్లలో పోస్తాను, ఖాజాభాయి వ్యాను తెచ్చి ఎత్తుకుపోతాడు. అయితే ఆ ఎండాకాలం పాలు తగ్గాయి. రెండు క్యాన్లు నిండడం గగనమైంది.

"తమ్మీ, జర ఇను," అన్నాడు ఖాజాభాయి ఒకరోజు. "నెలాఖరు దినం రెండు క్యాన్లు నిండాలె. నిండకుంటె ఒకటో తారీఖు సంది మీ ఊరికి బండి బంద్ అంటుండ్రు పెద్దసార్లు."

బండి బందైతే నా పని పోతుంది, అది వేరే సంగతి. ఈ పద్నాలుగు మంది పాలు నెత్తిన పెట్టుకుని కొత్తకోట హోటళ్ళ చుట్టూ తిరగాలి.

సరిగ్గా అప్పుడే నన్ను వనపర్తిలో మూడు రోజుల శిక్షణకు పంపారు. మనుషులతో ఎట్లా మాట్లాడాలి, వాళ్ళలో ఉత్సాహం ఎట్లా నింపాలి అన్నది పాఠం. హైదరాబాదు నుంచి వచ్చిన సారు బోర్డు మీద పెద్ద త్రికోణం గీశారు. అడుగున తిండీ బట్టా, ఆ పైన భద్రత, ఆ పైన నా అనుకునే నలుగురు, ఇంకా పైన గౌరవం. "గౌరవం దొరికితే మనిషి కొండలు పిండి చేస్తాడు! అందుకే తప్పు చెవిలో చెప్పండి, మెప్పు మైకులో చెప్పండి!" అన్నారు. ఎదుటివాళ్ళు చెప్పింది మళ్ళీ మన మాటల్లో వాళ్ళకే చెప్పాలనీ, అప్పుడే మనం విన్నామని నమ్ముతారనీ కూడా అన్నారు. నేను రెండూ రాసుకుని, ఒక్కోదాని కింద రెండేసి గీతలు గీశాను. అప్పుడే పెన్నులో సిరా అయిపోయుంటే ఎంత బాగుండేదో!

ఊరికి వస్తూనే ఉల్లిగడ్డలమ్మే ఆటో అతన్ని బతిమాలి మైకు తెచ్చాను. తెల్లారి అందరూ పాలతో వచ్చారు. అందరిలోకీ బాలకిష్టమ్మ పెద్దమ్మ మా కేంద్రానికి మూలస్తంభం. ఆమె బర్రె ఒక్కటే పూటకు ఎనిమిది లీటర్లిచ్చేది. నేను మైకు నొక్కాను. మొదట "ఉల్లిగడ్డలూ..." అని దానంతటదే అరిచింది. దాని నోరు మూయించి నా నోరు తెరిచాను.

"అక్కలారా, పెద్దమ్మలారా! ఈ వారం మన కేంద్రం మహారాణి ఎవలంటే, బాలకిష్టమ్మ పెద్దమ్మ బర్రె! పూటకు ఎనిమిది లీటర్లు! ఏం బర్రె, ఏం పొదుగు! గిసోంటి బర్రె మండలంలనే లేదు. కొట్టుండ్రి సప్పట్లు!"

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పదమూడు మంది కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బాలకిష్టమ్మ ముఖం తెల్లబోయింది. సంతోషంతో మాట రావడం లేదేమో అనుకున్నాను.

"ఎనిమిదేడియిరా? ఆరు గూడ ఎల్తలేవు. అది ఉత్త ముసల్ది," అందామె గబగబా.

"గట్ల తగ్గించి చెప్పుకోకు పెద్దమ్మా. నేన్ కొలిసిన గద! నిన్న ఎనిమిదిన్నర!"

"నీ నోట్ల మన్నువడ, ముందుగాల మైకు బంద్ చెయ్యి!"

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? నేరుగా ఆమె కొట్టానికి పోయి, బర్రె మెడలో బంతిపూల దండ వేసి, ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి మహారాణి దర్శనానికి ఊరు ఊరంతా కదిలింది. సెల్ఫీలు దిగినవాళ్ళు దిగారు, పొదుగు చూసి నోరు తెరిచినవాళ్ళు తెరిచారు.

మర్నాడు బాలకిష్టమ్మ ఖాళీ క్యానుతో వచ్చింది. "నర్సింలూ, నా బర్రె పాలు చేపుతలేదురా. పొదుగు ముట్టుకుంటె తంతున్నది."

నాకు రెండో సూత్రం గుర్తొచ్చింది. "అంటె పెద్దమ్మా, నువ్వు జెప్పేదేందంటె, నీ బర్రె చేపుతలేదు, ముట్టుకుంటె తంతున్నది."

"గదే గద నేన్ జెప్తున్నది!"

"అంటె, గదే నువ్వు జెప్తున్నవన్నట్టు."

"నన్ను ఎక్కిరిస్తున్నవారా?"

"అంటె, నేన్ ఎక్కిరిస్తున్ననని నీకు అనిపిస్తున్నది."

ఆమె ఖాళీ క్యానును నా పాదం పక్కన దడాలున దించి వెళ్ళిపోయింది. పాదం మీద దించకపోవడం ఆమె మంచితనం.

ఇక అక్కడి నుంచి మొదలైంది. ఒకరోజు తొమ్మిది మందే వచ్చారు, మర్నాడు ఏడుగురు. వచ్చినవాళ్ళు కూడా పాలగిన్నె మీద కొంగు కప్పి తెచ్చేవాళ్ళు. నేను పలకరించకముందే "మా బర్రె వట్టిపోయిందయ్యా" అనేవాళ్ళు. నరుడి కంటికి నల్లరాళ్ళు పగులుతాయంటారు. నా నోటికి రెండు క్యాన్లు ఒక్కటయ్యాయి, ఆ ఒక్కటీ నిండలేదు.

అయినా నాకు దిగులు లేదు. ఎందుకంటారా? ఒక అద్భుతం కనిపించింది. నేను అడుగు తీసి అడుగు వేస్తే చాలు, వెనక ఎవరో ఒకరు వంగి, నా పాదం పడ్డచోట చిటికెడు మన్ను తీసి కొంగున ముడి వేసుకునేవాళ్ళు. ఒకరు కాదు, వచ్చిన ప్రతి ఒక్కరూ! ఇదే కదా సారు చెప్పిన గౌరవం! పాలు తగ్గితేనేం, త్రికోణంలో పైమెట్టెక్కాను అనుకున్నాను. అచ్చు బాగా పడాలని చెప్పులు ఇంట్లో విడిచి రావడం మొదలుపెట్టాను. ఒకామెకైతే "సల్లగుండు అక్కా" అని దీవెన కూడా పడేశాను. ఇప్పుడు రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

"ఏంది తమ్మీ, చెప్పుల్లేకుంట తిరుగుతున్నవ్?" అన్నాడు ఖాజాభాయి.

గర్వంగా సంగతంతా చెప్పాను. ఆయన వ్యాను తలుపు పట్టుకుని నవ్వి, నవ్వి, చివరికి కింద కూర్చున్నాడు.

"అరె పాగల్! అది దండం గాదు. దిష్టి వెట్టినోని కాలికింది మన్ను దెచ్చి, ఉప్పు మిరపకాయలతోని దిప్పి పొయ్యిల ఏస్తరు. మా ఇంట్ల గూడ నజర్ దీస్తరు గని, మన్నుకు గింత లైను నేనెన్నడు జూడలె!"

అంటే నేను చెప్పుల్లేకుండా ఊరేగి సంపాదించిన గౌరవమంతా ఇంటింటా పొయ్యిలో చిటపటలాడుతోందన్నమాట. అప్పుడు భయం వేసింది. నెలాఖరుకు మూడు రోజులే ఉన్నాయి. గ్రూపులోంచి ఫోటో తీసేసి, బాలకిష్టమ్మ ఇంటికి పరిగెత్తాను.

"తప్పైంది పెద్దమ్మా. మెచ్చుకుంటె ఖుషైతవనుకున్న."

"మెచ్చుకుంటె ఎవలకు చేదురా? గని పాడిని, పసిపిల్లలను గట్ల నలుగుట్ల వెట్టి పొగుడుతరా?" కోపంగా అంది కానీ తినమని రెండు రొట్టెలు ముందు పెట్టింది. "నోటితోని వెట్టినవ్. నోటితోనే దియ్యి. గా మైకులనే. బర్రె ఇనాలె."

మర్నాడు పొద్దున్నే బర్రెనూ, దాని దుడ్డెనూ కేంద్రం ముందుకు తోలుకొచ్చింది. పదమూడు మందీ తీర్పు వినడానికి వచ్చినట్టు నిలబడ్డారు. నేను మైకు అందుకున్నాను.

"ఇది గూడ ఒక బర్రేనా? దీన్ని సూడనీకి ఎవలు రావద్దు, సూసెటంత ఏం లేదు దీంట్ల!"

"జర గట్టిగ," అంది బాలకిష్టమ్మ.

"దిక్కుమాలిన బర్రె! కొమ్ములు సూస్తె వంకర! పాలు సూస్తె నీళ్ళు!"

"తోక మర్సిపోయినవ్."

"తోక సూస్తె చీపురు!"

అందరూ చప్పట్లు కొట్టారు! నా జీవితంలో మొదటి చప్పట్లు అవి. సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. శిక్షణ సారు! తన పాఠాలు పల్లెల్లో ఎట్లా పనిచేస్తున్నాయో చూడటానికి వచ్చారట.

"ఏమిటయ్యా ఇది? మెప్పు మైకులో చెప్పమన్నానా, తిట్లా?" అంటూ దిగారు. దిగినవారు దిగినట్టుండక దుడ్డె వైపు తిరిగారు. నాకు ప్రమాదం తెలిసిపోయింది. "సార్, వద్దు సార్!" అని అరిచాను.

"అబ్బా! ఎంత ముద్దుగా ఉందో! ఎంత పుష్టిగా ఉందో!"

పదమూడు కొంగులు మళ్ళీ నోళ్ళకు అడ్డం పడ్డాయి. బాలకిష్టమ్మ నా వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా సారు వెనకకు పోయి, వంగి, ఆయన పాదం కింది మన్ను తీసుకుంది. వెనకే ఇంకో నలుగురు వంగారు. సారు రెండు చేతులూ జోడించారు.

"లేవండి తల్లీ, లేవండి! నాకెందుకమ్మా దండాలు? నేను మామూలు మనిషిని."

ఖాజాభాయి నవ్వు ఆపుకోలేక వ్యాను వెనక్కి పోయి కూర్చున్నాడు. నేను మైకు బంద్ చేశాను.

ఆ సాయంత్రమే బర్రె చేపింది. దుడ్డె కూడా కులాసాగా ఉంది. జనం తాకిడి తగ్గినందుకే చేపిందని పశువుల డాక్టరు అన్నాడు. దిష్టి పోయినందుకేనని బాలకిష్టమ్మ అంది. నేను ఇద్దరికీ తలూపాను. నెలాఖరున కొంగులు తొలగిన గిన్నెలతో పద్నాలుగు మందీ వచ్చారు. రెండో క్యాను మూత బిగించి ఖాజాభాయి వ్యానులోకి ఎత్తుతుంటే అరుగు మీద కూలబడి, హమ్మయ్య అని ఊపిరి వదిలాను. ఆ ఊపిరిలో వారం రోజుల బరువుంది.

"పోరడు ఇప్పుడు జర పనికొస్తుండు," అంది బాలకిష్టమ్మ, ఎవరికీ వినబడనట్టు. మైకు లేకుండా.

సారు తరువాత వనపర్తిలో కనబడి, "మీ ఊరివాళ్ళ గౌరవం జన్మలో మరవలేనయ్యా!" అన్నారు. ఆయనకు నిజం చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

కాబట్టి పాలక్యాను మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పాడినిగానీ, పసిపిల్లనుగానీ, పక్కింటివాళ్ళ పప్పునుగానీ నలుగురిలో మెచ్చుకోను. మీకూ ఒక మనవి. ఇది మీకు నచ్చితే దయచేసి పైకి అనకండి. "ఏందిది, గిట్ల రాసిండు?" అని ఊరుకోండి. కాదు, మెచ్చుకునే తీరుతామంటారా? అయితే మీ చెప్పులు విడిచి, కాస్త మెత్తటి మన్ను మీద నిలబడి మెచ్చుకోండి.