జీపు వైపర్లు కొనబోయిన ముసురు రోజు

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు మా ఆయన ఒక పాత జీపు కొన్నాడు. రామన్నపేట అవతల గుట్టల కింద మా మెట్ట చెలక. వాన పడితే ఆ తొవ్వన ట్రాక్టరు కూడా దిగబడుతుంది, జీపు మాత్రం బురద తొక్కుకుంటూ పోతుంది. వెనక గొర్రెపిల్లలు, ముందర నేను. సంతకైనా పెండ్లికైనా అదే మా బండి. నాకంటే దానిమీదే నీకు ప్రేమ ఎక్కువని దెప్పేదాన్ని. కాదని ఒక్కసారన్నా అనేవాడు కాదు, అదీ నా మంట!

నిరుటి నుంచి ఆయన బండి తోలే తీరు మారింది. గుంతలో దిగినాక గానీ గుంత ఉందని తెలియదు. పక్కన కూర్చుని నేను అరుస్తూనే ఉండాలి.

“ఎడమకు కొట్టు! ముందర గొర్లొస్తున్నయ్, జర ఆగు!”

“నీకు చూపు తగ్గిందయ్యా” అంటే ఇంతెత్తున లేచేవాడు.

“నా కండ్లకేమైంది? వైపర్లు సక్కగ లేవు. అద్దమంతా మసక జేస్తున్నయ్.”

ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉండేది యవ్వారం. చూపు తగ్గిందని ఒప్పుకుంటే నేను జీపు తోలనియ్యనని ఆయన బెంగ అనుకున్నాను. ఏ రోజు ఎవరిమీదికి పోనిస్తాడోనని నా బెంగ.

ఒకరోజు పొద్దున్నే ముసురు పట్టింది. ఆ ముసురులోనే వైపర్లు కొనాలని నల్గొండ బయలుదేరదీశాడు. నేను దారిపొడుగునా తిడుతూ, తొవ్వ చెబుతుంటే ఎట్లనో చేరుకున్నాం.

స్పేర్‌పార్ట్స్ దుకాణంలో కొత్తరకం వైపర్లు నున్నగా, వంపు తిరిగి ఉన్నాయి. మా ఆయనకు అవి తెగ నచ్చాయి. నెరిసిన గడ్డపు సేటు బయటికొచ్చి జీపును చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఇవి వంపు అద్దాలకన్నా. నీ జీపు అద్దం పలక లెక్క సాపుగున్నది. గీ అద్దానికి సరిగ ఆనయ్.”

లోపల వెతికి, ఇనుప చట్రం ఉన్న పొట్టివి రెండు తెచ్చాడు. ఆ కొలతవి ఇంక లేవట. రబ్బరు ఒత్తి చూశాను. ఒకటి మెత్తగా ఉంది. రెండోది ఎన్నాళ్ల నుంచి పడి ఉందో, గట్టిపడి పగుళ్లిచ్చింది.

“మంచిది ఆయన దిక్కు పెట్టు సేటూ” అన్నాను.

“వద్దు, ఆమె దిక్కు పెట్టు” అన్నాడు మా ఆయన.

సేటు నవ్వాడు. “తోలేది నువ్వు గదన్నా?”

“తోలేది నేనే. సూసేది ఆమె.”

నా మొహం చూడకుండానే అన్నాడు. నాకు ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన మీద అంత ప్రేమ, అంత కోపం ఎన్నడూ కలగలేదు.

“గీ మాట నిరుడే చెప్తే నీ సొమ్మేం పోయేది? ఎవరన్న బండి కింద పడితే ఏం జేస్తుంటివి? నడువు కంటి దవాఖానకు!”

వైపర్ల ఊసు విడిచిపెట్టి, జీపును సేటు దుకాణం ముందే ఉంచి, ఆటో ఎక్కాం. కొంత దూరం పోయాక ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. పెండ్లయి ముప్ఫై ఏండ్లయినా పదిమందిలో ఎన్నడూ పట్టుకున్న మనిషి కాదు.

“జీపుదేమున్నది, పోతే పోయె. కంట్లె కత్తి పెడతరంటేనే నాకు భయమైతాంది” అన్నాడు.

ఏడాది పొడుగునా ఆ భయం ఒక్కడే మోశాడు. నేనేమో పక్కనే కూర్చుని తిట్టాను. దవాఖాన వచ్చేదాకా నేను ఆయన చెయ్యి వదల్లేదు.