ఆరంకెలు చెప్పేసిన రోజు

పోయిన వారం బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హాల్లో చిన్న వ్యాపారస్తుల కోసం సైబర్ మోసాల మీద మీటింగు పెడితే నేనూ వెళ్ళాను. వేదిక మీద మాట్లాడుతున్నాయన, మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉందా అని అడిగేసరికి హాలంతా తలలు దించుకుంది కానీ, నేను మాత్రం బడిలో జవాబు తెలిసిన పిల్లలా చెయ్యెత్తేశాను. మైకు నా దాకా వచ్చేలోపే టీ విరామం అన్నారు. అక్కడ చెప్పలేకపోయిన సంగతి, నా ఈడువాళ్ళు ఓపిగ్గా వింటారని ఇక్కడ చెబుతున్నాను.

మాది మంగళగిరి. మావారూ మరిదీ మగ్గాలు చూసుకుంటే, నేనూ నా తోడికోడలూ వీధి గదిలో చీరలు అమ్మేవాళ్ళం. స్మార్ట్‌ఫోన్లు ఇంటింటికీ వచ్చిన కొత్తలో, బెజవాడలో కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే నా మేనకోడలు, చీరల ఫోటోలు మెసేజీల యాప్‌లో పంపితే కూర్చున్నచోటే అమ్ముడుపోతాయని చెప్పి, దుకాణానికని ఒక ఫోను కొనిపించింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ హుషారే. ఎండ వాలాక చీరను కిటికీ ఊచలకు వేలాడదీసి, జరీ అంచు మెరిసేలా తోడికోడలు కొస పట్టుకుంటే నేను ఫోటో తీసేదాన్ని. సగం ఫోటోల్లో చీరకంటే ఆవిడ బొటనవేలే బాగా పడేది. అయినా గుడివాడ నుంచీ, తెనాలి నుంచీ, మేమెన్నడూ మొహం చూడనివాళ్ళు కూడా మమ్మల్ని నమ్మి ముందే డబ్బు పంపేవారు.

అలా సాగుతుండగా ఒకరోజు, హనుమాన్ జంక్షన్‌లో ఉండే ఒక రిటైరైన టీచరుగారు, మొదటినుంచీ మా దగ్గరే చీరలు కొనే ఆవిడ, నా సొంత ఫోనుకు చేశారు.

"ఏమ్మా, ఎన్నడూ లేనిది నన్ను 'డియర్ కస్టమర్' అంటున్నావేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

నేను ఏ మెసేజీ పంపలేదన్నాను. ఆవిడ చదివి వినిపించారు: ఈ ఒక్కరోజే అన్ని చీరలూ సగం ధరకే, అడ్వాన్సు ఫలానా నంబరుకు వెంటనే పంపండి అని. అనుమానమొచ్చి, మా ఊరి చీరలకు పేరు తెచ్చిన నిజాం అంచు ఉందా అని అడిగితే, ముందు డబ్బు పంపండి, నిజాం గారి దగ్గర్నుంచే తెప్పిస్తాం అని జవాబొచ్చిందట!

పరుగున వెళ్ళి దుకాణం ఫోను చూస్తే యాప్ తెరుచుకోలేదు. తోడికోడలి మొహం పాలిపోయింది.

"అక్కా, ఇందాక పార్సిల్ ఆఫీసు నుంచని ఒకాయన చేశాడు. మన పార్సిల్ ఆగిపోయిందట, ఫోనుకొచ్చిన ఆరంకెలు చెబితే పంపించేస్తానన్నాడు. మేడమ్ గారూ అని ఎంత మర్యాదగా అడిగాడో! చెప్పేశాను."

ఆ అంకెలతోనే ఎవడో మా దుకాణాన్ని తన ఫోనులోకి లాగేసుకున్నాడని మేనకోడలికి చేస్తేగాని తెలియలేదు. "అత్తయ్యా, ఏడుస్తూ కూర్చుంటే వాడికే లాభం. నేను బయల్దేరుతున్నా. ఈలోపు ఫోనులో ఉన్న అందరికీ మామూలు కాల్ చేసి, డబ్బు పంపొద్దని చెప్పండి," అంది.

అదృష్టం, పేర్లూ నంబర్లూ ఫోనులోనే ఉన్నాయి. పొయ్యి మీది పప్పు మావారికి అప్పగించి, తలా ఒక ఫోను పట్టుకుని కూర్చున్నాం. రెండు ముక్కల్లో చెప్పి పెట్టేద్దామంటే మన వాళ్ళు వదులుతారా? ఒకావిడ కూతురి నిశ్చితార్థం కబురు చెప్పింది, ఇంకొకావిడ మోకాళ్ళ నొప్పికి మందడిగింది, అసలు మెసేజీ చూడనివాళ్ళు సగం ధర సంగతి విని ఆ చీరలు నిజంగా ఉన్నాయా అని ఆశగా అడిగారు. తెనాలిలో ఒకావిడ మాత్రం అప్పటికే డబ్బు పంపేసింది. అది విన్నాక తోడికోడలు అన్నం ముట్టలేదు. మాట పోయాక దుకాణం ఎందుకని, తన పెట్టెలోంచి కట్టని కొత్త చీర ఒకటి తీసి ఆవిడ పేరు మీద పార్సిల్ కట్టేసింది.

మేనకోడలు వచ్చి, మళ్ళీ అంకెలు తెప్పించి, ఆ దొంగను యాప్‌లోంచి గెంటేసింది. వాడు ముందే తన రహస్య నంబరుతో తాళం ఒకటి వేసి పెట్టాడు కనుక, మేం లోపలికి వెళ్ళడానికి కొన్నాళ్ళు ఆగాల్సొచ్చింది. సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేయించి, యాప్ తిరిగి మా చేతికొచ్చాక మాకే తెలిసిన రెండో తాళం వేయించి, ఫోనుకొచ్చిన అంకెలు దేవుడు దిగొచ్చి అడిగినా చెప్పొద్దని ఒట్టేయించుకుంది.

ఆ ఒట్టును తోడికోడలు ఎంత గట్టిగా పట్టుకుందంటే, గ్యాస్ బండ తెచ్చినతను ఫోనుకొచ్చిన నంబరు చెప్పమంటే ససేమిరా అంది. అతను బతిమాలి, చివరికి విసుగొచ్చి బండ వెనక్కి తీసుకుపోయాడు. ఆ పూటకు ఇంటిల్లిపాదికీ హోటల్ ఇడ్లీలే. ఏ నంబరు ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో మేనకోడలు వచ్చి మళ్ళీ మొదటినుంచీ పాఠం చెప్పింది. ఆ పాఠాన్ని తోడికోడలు మా నేతగాళ్ళ వీధిలో గడపగడపకూ మోసింది. తర్వాత మా వీధిలో ఎవరి ఫోనూ అలా పోలేదు.

ఇప్పుడు మనిషి గొంతును కూడా అచ్చు గుద్దినట్టు తయారుచేసి మోసం చేస్తున్నారట. అందుకని, నా గొంతుతో ఎవరైనా డబ్బడిగితే నమ్మవద్దని, పెట్టేసి తిరిగి మా నంబరుకే చేయమని, పాత ఖాతాదార్లందరికీ నేనే చెబుతున్నాను. వెనకటికి హలో అంటే చాలు, పేరు కూడా చెప్పకుండానే పోల్చుకునేవారు. ఇప్పుడు వాళ్ళతోనే నన్ను నమ్మొద్దని చెప్పాల్సి వస్తోంది. టీచరుగారికీ అదే చెప్పాను.

"అయితే నేనే బస్సెక్కి వచ్చేస్తాలేమ్మా. ఎదురుగా కూర్చుంటే నువ్వే కదా! కాఫీ మాత్రం చిక్కగా పెట్టు," అన్నారావిడ.