మరక పేరు చెప్పి కొన్న లిక్విడ్

ఆ ఆదివారం సూర్యాపేటలో మా ఇంటికొచ్చిన చుట్టాలు భోజనాలయ్యాక హాల్లో కార్పెట్ మీద కూర్చున్నారు. వాళ్ళ మధ్యలోంచి నేను లేచేసరికి, నేను కూర్చున్న చోట అరచేయంత రక్తపు మరక. నాకు నలభై నాలుగేళ్ళు. గర్భసంచిలో గడ్డలున్నాయని డాక్టర్ చెప్పి నెల కూడా కాలేదు. నెలసరి ఎప్పుడొస్తుందో, ఎంతవుతుందో నా చేతిలో లేదు.

అందరూ చూపు తిప్పుకున్నారు. వాళ్ళు వెళ్ళాక అత్తమ్మ నా పక్కకొచ్చి మెల్లగా చెప్పింది.

"నలుగురు కూసునే జాగ బిడ్డా. ఇగ అది ఇంట్ల వద్దు. సుట్టి పడేపియ్యి."

మిర్యాలగూడలో కొత్తగా టీచరునైన రోజుల్లో ఇష్టపడి కొనుక్కున్న కార్పెట్ అది. పిల్లల ఉచ్చలు, పులుసు, చాయ్ అన్నీ దాని మీద ఒలికాయి. అప్పుడెవరూ పారెయ్యమనలేదు.

"పడెయ్య అత్తమ్మా. కడుగుత," అన్నాను.

కార్పెట్లు కడిగే మెషిన్ ఇంట్లో ఉంది కానీ, దాంతో వచ్చిన లిక్విడ్ ఎప్పుడో అయిపోయింది. మా ఆయన బట్టల సబ్బుపొడిని వేడినీళ్ళలో కలిపి పొయ్యమన్నాడు. పొడి వాడొద్దనీ, నురగ ఎక్కువైతే మోటారు పాడవుతుందనీ మెషిన్ పుస్తకంలో ఉంది. మర్నాడు స్కూలు నుంచి వస్తూ బజారులో ఒక షాపులో అడిగాను. ఏం మరక అని అతను అడిగితే, నా నోటికి "ఏదో మరక" అనే మాటే వచ్చింది. అతను బ్లీచింగ్ కలిసిన సీసా ఒకటి చేతిలో పెట్టాడు. సోఫా కిందికి పోయే మూల మీద రెండు చుక్కలు వేసి చూస్తే మెరూన్ రంగు కాస్తా వెలిసిపోయింది. షాపతని మీద కాదు, నా మీద నాకే కోపమొచ్చింది.

ఆ వారంలోనే కోదాడలో మాకు ట్రైనింగ్ పడింది. అయిపోయాక, ఫంక్షన్ హాళ్ళకు క్లీనింగ్ సామాన్లు అమ్మే షాపుకెళ్ళాను. కౌంటర్లో ఒకావిడ ఉంది. నా పక్కన నలుగురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆవిడా అదే అడిగింది, ఏం మరకండీ అని.

"రక్తం. నాదే. నెలసరిది," అన్నాను, అందరికీ వినపడేటట్టు.

ఒకతను ఫోన్లోకి తల దించుకున్నాడు. ఆవిడ మాత్రం తడబడలేదు. కార్పెట్ ఉన్నిదా, సింథటిక్‌దా అని అడిగింది. సింథటిక్ అన్నాను.

"అయితే ఎంజైమున్నది వాడొచ్చండీ. ఉన్నిదైతే పాడైపోద్ది. నురగ తక్కువొచ్చేది ఇస్తాను. వేడినీళ్ళు మాత్రం తగలనియ్యకండి, మరక పట్టేసుద్ది."

సీసాను న్యూస్‌పేపర్లో చుట్టబోయింది. వద్దన్నాను. బస్సులో ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాను.

శనివారం పొద్దున్నే కార్పెట్‌ను వరండాలో పరిచాను. ముందు ఒక అంచు మీద వేసి చూశాను, రంగు పోలేదు. మరక మీద పోసి పావుగంట ఆగి, చల్లనీళ్ళతో మెషిన్ నడిపాను. గోధుమరంగు నీళ్ళు ట్యాంకులోకి వచ్చాయి. అత్తమ్మ గడపలో నిలబడి చూసింది. మూడోసారికి నీళ్ళు తేటపడ్డాయి. చోటు తెలిసినవాళ్ళకే కనపడేంత జాడ మిగిలింది.

ఆరాక మళ్ళీ హాల్లోనే వేశాను. అత్తమ్మ వారం పాటు గోడ వెంబడి నడిచింది, దాని మీద కాలు పెట్టలేదు. నేను పట్టించుకోలేదు. దాని మీదే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను.

మొన్న స్టాఫ్‌రూంలో తోటి టీచర్ ఒకామె, పరుపు మీద మరకకు ఏం వాడాలని గుసగుసగా అడిగింది. లిక్విడ్ పేరూ, చల్లనీళ్ళ సంగతీ చెప్పాను. గొంతు తగ్గించకుండానే చెప్పాను.