తేటనీళ్ల ఉపన్యాసం

ఒక గ్లాసు తేటనీళ్లు ఒక పార్టీని నిలువునా ముంచేశాయంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ గ్లాసు పట్టుకున్న చెయ్యి నాది. మునిగిన పార్టీ కూడా నాదే.

యుద్ధం ముగిసినా కిరసనాయిలు కోసం జనం ఇంకా వరసల్లో నిలబడుతున్న రోజులవి. మా ఊరు నరసరావుపేట నుంచి మాచర్ల పోయే దారిలో ఉంది. పేరు మాత్రం అడక్కండి, అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మా నాన్న గుడ్డల కొట్లో గజంబద్ద పట్టుకుని బుద్ధిగా కూర్చోవలసిన వాణ్ణి, దేశాన్ని బాగుచేసే పనిలో పడ్డాను. దేశం మరీ పెద్దదిగా కనిపించడంతో ముందు మా పంచాయతీ బోర్డుతో మొదలుపెట్టాను.

మాది చిన్న పార్టీ. ఎంత చిన్నదంటే, ఊళ్లో ఉన్న సభ్యులమంతా ఒకే జట్కా ఎక్కినా గుర్రం వెనక్కి తిరిగి చూసేది కాదు. బోర్డు ఎన్నికలు వస్తే మా వార్డుకు కాసిం సాహెబును నిలబెట్టాం. ఆయన ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఎదురు నిలిచింది వెంకటప్పయ్యగారు. పత్తి వ్యాపారి, చాలాకాలంగా బోర్డు మెంబరు. ఏ కష్టం చెప్పుకున్నా 'చూద్దాం లేవయ్యా' అని చల్లగా నవ్వి పంపించేవారు. ఆ నవ్వుకే జనం సగం తృప్తిపడి ఇంటికి పోయేవాళ్లు.

మా వార్డుకు ఉన్నది ఒక్కటే మంచినీళ్ల బావి. 'మంచి' అన్న మాట మాత్రం అలవాటుకొద్దీ మిగిలిపోయింది. బావి లోపలి కట్టడం, ఒర, ఒకవైపు కూలిపోయింది. పక్కనే మురుగు కాలవ. వాన పడితే కాలవకీ బావికీ తేడా ఉండేది కాదు. ఏటా వర్షాకాలంలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకునేవి. కిందటేడు కాసిం బాబాయ్ మనవరాలు చావు తప్పి బయటపడింది. ఆయన ఎన్నికల్లో నిలబడింది అందుకే. నాలాగా దేశం కోసం కాదు.

ఆయన ప్రచారం చూస్తే నాకు చిరాకు. కొలిమి దగ్గర కూర్చుని గిన్నెలకు కళాయి పూస్తూ, వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ బావి సంగతి రెండు ముక్కలు చెప్పేవాడు. వాళ్లు ఇళ్లకు పోయి మగవాళ్లకు చెప్పేవాళ్లు. అంతే. జెండా లేదు, ఉపన్యాసం లేదు. వార్డు నెమ్మదిగా మావైపు తిరుగుతోందని ఊరంతా అనుకుంటోంది. నాకు మాత్రం, ఇంత నిశ్శబ్దంగా గెలిస్తే అది గెలుపెలా అవుతుందని బెంగ.

అందుకని సభ పెడదామన్నాను. ఆ బావి నీళ్లు బిందెడు తెచ్చి, వేదిక మీద గాజుగ్లాసులో పోసి చూపిస్తే జనం ఉడికిపోతారని నా ఊహ.

కాసిం బాబాయ్ గిన్నె తిప్పుతూనే అన్నాడు. "రోజూ తాగేవాళ్లకి మళ్లీ చూపించేదేందిరా అబ్బయా?"

తాగడం వేరు, చూడడం వేరని ఆయనకు అరగంట సేపు బోధించాను. నా ధోరణికి విసిగి సరేనన్నాడు. ఓపికగల మనుషులు అప్పుడప్పుడు ఒక దెబ్బ వేసినా బాగుండుననిపిస్తుంది.

సభరోజు నా అదృష్టం కొద్దీ తెల్లవారుజామునే వాన పడింది. నేనే స్వయంగా పోయి చేద వేశాను. వచ్చిన నీళ్లు చూసి ఆనందం పట్టలేకపోయాను. ఎర్రగా, చిక్కగా, అడుగున గడ్డిపోచలతో సహా ఉన్నాయి. వజ్రాల మూట మోసినట్టు ఆ బిందెను మోసుకొచ్చి, మూతికి గుడ్డ కట్టి, కాసిం బాబాయ్ వసారాలో దింపాను. ముట్టుకోవద్దని ఎవరికీ చెప్పలేదు. బురదనీళ్లను పనిగట్టుకుని ముట్టుకునేదెవరు చెప్పండి?

ఎండ తగ్గాక సంత మైదానంలో సభ. కరపత్రాలు పంచి పంచి, బిందె తీసుకుని నేరుగా బల్ల ఎక్కాను. సోడా కొట్టు నుంచి రెండు గ్లాసులు అరువు తెచ్చుకున్నాను. జనం బాగానే వచ్చారు. నా దురదృష్టం కొద్దీ వెంకటప్పయ్యగారు కూడా వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నారు. అప్పుడది నా అదృష్టమనుకున్నాను.

గంటసేపు మాట్లాడాను. నగరపాలన అన్నాను, ప్రజారోగ్యం అన్నాను, నాకే అర్థం తెలియని మాటలు మరో నాలుగు అన్నాను. చివరికి బిందె గుడ్డ విప్పి, కళ్లు జనం మీద నుంచి తిప్పకుండా రెండు గ్లాసులూ నింపాను. ఒకటి మొహానికెదురుగా ఎత్తి పట్టుకున్నాను.

"అయ్యలారా, చూడండి. మన బావి నీళ్లు ఇవి. పశువులైనా వీటిని ముడతాయా?"

జవాబు లేదు. ఉద్వేగంతో నోరు పెగలడం లేదనుకున్నాను.

"సిగ్గుపడకుండా చెప్పండి. ఏం కనిపిస్తోంది ఈ గ్లాసులో?"

వెనక వరసలో ఒక ముసలి రైతు కళ్లు చికిలించి చూశాడు. "నువ్వే కనపడతుండవు నాయనా, అవతలిపక్క."

అప్పుడు చూశాను. ఆ గ్లాసులోంచి సంత మైదానం, చింతపండు బస్తాలు, వెంకటప్పయ్యగారి బంగారు పన్నుతో సహా అన్నీ తేటతెల్లంగా కనిపిస్తున్నాయి. నా జన్మలో అంత అందమైన నీళ్లు చూడలేదు.

తిరిగి చూస్తే, కాసిం బాబాయ్ భార్య మస్తాన్‌బీ పిన్ని బల్ల పక్కన నిలబడి తృప్తిగా తల ఊపుతోంది. బురద తేర్చడానికి కుండ లోపల రుద్దే ఇందుపగింజ లేదూ, పొద్దున్నుంచీ దానితో ఆ నీళ్లను తేర్చి, రెండుసార్లు వడగట్టి, మళ్లీ బిందెలో పోసి, నేను కట్టినట్టే గుడ్డ కట్టిందట. "గొంతెండేట్టు తిరిగే పిల్లోళ్లు, ఆ బురద తాగుతారా ఏంది?" అంది.

వెంకటప్పయ్యగారు తాపీగా లేచి వచ్చి గ్లాసు అందుకున్నారు. నీళ్లు తేరాయి గాని అవి మురుగు కలిసిన నీళ్లే కదా. తాగొద్దండీ, జబ్బు చేస్తుంది అని బతిమాలాను. నేను బతిమాలే కొద్దీ మైదానమంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆయన గటగటా తాగేసి, మీసం తుడుచుకుని, రెండో గ్లాసు నా చేతికిచ్చారు.

"చానా బాగుండయ్. నువ్వూ తాగు అబ్బయా, మాట్లాడి మాట్లాడి అలిసిపోయుంటావు."

తాగకపోతే పరువు పోతుంది. తాగితే ప్రాణం పోతుంది. ఇరవై ఏళ్ల వయసులో మనిషి ఏది ఎంచుకుంటాడో మీకు తెలియనిది కాదు.

మర్నాడు సాయంత్రానికి నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. కాసేపటికి పక్క మంచం మీదికి ఇద్దరు మనుషులు మోసుకొచ్చి పడుకోబెట్టింది వెంకటప్పయ్యగారినే. ఆయన మొహంలో ఆ చల్లటి నవ్వు లేదు. ఆయన నీరసంగా నావైపు తిరిగారు.

"నిజం చెప్పరా. ఏం కలిపినావు ఆ నీళ్లల్లో?"

"ఏమీ కలపలేదండీ. అవి మన బావి నీళ్లే."

ఆయన కళ్లు మూసుకున్నారు. ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడే ఓపిక ఇద్దరికీ లేదు.

ఎన్నికల్లో ఆయన మంచం మీద ఉండగానే గెలిచారు. గ్లాసు ముచ్చట ఊరంతా పాకిపోయి, ఆ నవ్వుల్లో మా జబ్బు సంగతి ఎవరికీ పట్టక, బావికేం రోగమని జనం ఆయనకే ఓట్లు వేశారు. అయితే బోర్డు మొదటి సమావేశంలో ఆయన వణుకుతున్న కాళ్లతో లేచి, బావి పూడిక తీయించాలనీ, కొత్త ఒరలు దింపాలనీ, కాలవ మళ్లించాలనీ పట్టుబట్టారు. వేసవికల్లా పని పూర్తయింది. గట్టు మీద ఆయన పేరు కూడా చెక్కించుకున్నారు. ఆ పేరు చూసి నేను ఉడికిపోతుంటే, కాసిం బాబాయ్ మనవరాలికి దోసిట్లో నీళ్లు పోస్తూ, "పేరుదేముందిలేరా, బిడ్డ తాగుతుంది చూడు" అన్నాడు. దానికి నా దగ్గర ఉపన్యాసం లేకపోయింది.

ఓటమికి కారణం రాసి పంపమని గుంటూరు నుంచి పార్టీ పెద్దలు ఉత్తరం రాశారు. నీళ్లు తేటగా ఉండటం వల్ల అని నిజాయితీగా రాసి పంపాను. వాళ్లు మళ్లీ నాకు ఉత్తరం రాయలేదు.

ఆ కొత్త బావి గట్టు మీద నిలబడి, సూర్యుడికెదురుగా చెయ్యెత్తి ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. నలుగురికీ చూపించబోయేదాన్ని ముందు నా రెండు కళ్లతో నేను చూసుకోకుండా ఈ జన్మలో వేదిక ఎక్కనని. ఇంతవరకూ ఆ మాట తప్పలేదు. తప్పే అవకాశమూ రాలేదు. ఆ తర్వాత ఏ పార్టీవాళ్లూ నన్ను వేదిక ఎక్కనివ్వలేదు.